భద్రంగా పెట్టిన కార్డు

నవంబర్ 2, ఆదివారం

నా కారెక్కితే అత్తమ్మ ఎందుకు మాట్లాడదు?

ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న ఇది. ఎవరినీ అడగలేదు. ఆమెనైతే అసలే అడగలేదు. ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె నోరు ఆగదు. పాలు పోసేవాడితో, గోడమీది పిల్లితో, టీవీలో వార్తలు చదివే అమ్మాయితో కూడా మాట్లాడుతుంది. కారు తలుపు పడిందంటే చాలు, ఖతం. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని పైనున్న పిడి పట్టుకుంటుంది. ఊరొచ్చేదాకా వదలదు.

ఇవాళ తుంగతుర్తి పోయి వచ్చాం. అత్తమ్మ వాళ్ల అక్క ఇప్పుడు లేదు, ఆమె కొడుకు ఇంట్లో కార్తీకమాసం వ్రతం. పోనురాను దారిలో ఆమె అన్న మాట ఒకటే. "ఏసీ జర తక్కువ పెట్టు బిడ్డా." అదే దారిన పోయిన వారం తన జోడు సుక్కితో పల్లెవెలుగు బస్సులో పోయి వచ్చి రెండు రోజులు చెప్పింది. కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలాయన, దానికి టికెట్ కొట్టాలని కండక్టరమ్మ, "మొగదానికి ఫ్రీ లేదు తాతా, పెట్టనైతే ఒదిలిపెడుదును" అని ఆమె అనడం, బస్సంతా నవ్వడం. చెబుతూ చెబుతూ అత్తమ్మ మంచినీళ్లు మింగలేకపోయింది.

ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి ఇదే వరస. డెబ్బై దాటిన మనిషి. ఇంట్లో రెండు కార్లున్నాయి, నాదొకటి, మా ఆయన మహేశ్వర్‌దొకటి. కావాలంటే రైసుమిల్లు డ్రైవర్‌ను పంపిస్తానని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఆధార్ కార్డు గుడ్డసంచిలో వేసుకుని, జొన్నరొట్టెలు డబ్బాలో పెట్టుకుని సూర్యాపేట కొత్త బస్టాండుకు పోతుంది. అక్కడ సుక్కి కాచుకుని ఉంటుంది. ఆత్మకూర్ దిక్కు తండా మనిషి, ఒకప్పుడు మా పొలంలో నాట్లేసేది. ఇద్దరూ ముందుగా ఏ ఊరూ అనుకోరు. కిటికీ పక్క సీటు ఏ బస్సులో దొరికితే అది ఎక్కుతారు. ఆ బస్సు ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగుతారు. ఊరు చూసి, తిని, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరతారు. ఖమ్మం, జనగామ, దేవరకొండ, నాగార్జునసాగర్.

"దేశం తిరుగుతున్నం," అంటుంది.

ఎక్కడికి పోవాలో చెప్పండి, ఆదివారం నేను తీసుకుపోతానని ఒకసారి అన్నాను. వింతగా చూసింది. "యాడికి పోవాల్నో నాకేం ఎర్క బిడ్డా? ఎవలన్న సస్తెనో, పుడితెనో, పెండ్లయితెనో తప్ప మీ మామ నన్ను యాడికన్న తీస్కపోయిండా? గా బస్సునే అడుగు, యాడికి తీస్కపోతదో."

నవంబర్ 6, గురువారం

కాలేజీ పార్కింగులో, కార్లోనే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాయబుద్ధి కాలేదు.

పరీక్షల డ్యూటీకి కోదాడ పోయాం. విజయలక్ష్మి మేడం నా పక్క సీట్లో ఉంది. ఆమెది కోదాడే, మా కాలేజీలో కామర్స్ చెబుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు ముందు ట్రాఫిక్ ఆగింది. ప్లాట్‌ఫాం చివర నేలమీద పేపరు పరుచుకుని ఇద్దరు ముసలమ్మలు తింటున్నారు. ఒకే డబ్బా. ఒకామెకు మోచేతుల దాకా గాజులు. రెండో ఆమె కాళ్లు బారజాపుకుని, చెప్పులు పక్కన విడిచి, పండుమిరప తొక్కు అంటిన వేలు నాకుతోంది.

"చూశారా వాళ్లని," అంది మేడం. "ఫ్రీ అనేసరికి ఎవరికీ ఇంట్లో కాలు నిలవట్లేదండీ. వీళ్లకి కొడుకులూ కోడళ్లూ ఉండరా అసలు? ఉంటే ఇలా నేలమీద వదిలేస్తారా?"

"ఏమో మేడం," అన్నాను.

అప్పుడే అత్తమ్మ తలెత్తింది. నా కారు ఆమెకు తెలుసు. దిష్టికని ముందు అద్దం దగ్గర నల్లదారం కట్టింది ఆమే. చేయి పైకి లేచింది, రొట్టెముక్క ఉన్న చేయి. అంతలో నా పక్కనున్న మేడంను చూసింది. తర్వాత నా మొహం చూసింది. చేయి మెల్లగా దించి ఆ ముక్కను నోట్లో పెట్టుకుంది.

ముందున్న లారీ కదిలింది. నేనూ కదిలాను.

"ఏమో మేడం" అనడం అబద్ధమేమీ కాదు.

నవంబర్ 7, శుక్రవారం

అత్తమ్మ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే సరిపోయిందంది.

నవంబర్ 8, శనివారం

వడ్ల సీజన్. మిర్యాలగూడలో మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయట. మహేశ్వర్ మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరలేదు. చేతులు కడుక్కుంటూ మొదలుపెట్టాడు.

"సత్యనారాయణన్న అందరి ముందట అడుగుతుండు. ‘ఏం మహేశ్వరూ, మీ అమ్మ బస్సుల నిలవడి పోతాంది, కార్లు గిట్ల అమ్ముకున్నవా’ అని. హమాలీలు సుత నవ్విండ్రు. నువ్వే జర సమ్‌జాయించు సుకన్యా. నా మాట ఇనది."

"మీ అమ్మ, మీరే చెప్పుండ్రి," అన్నాను.

"నువ్వు సదువుకున్నదానివి గదా, నీ మాటంటె ఆమెకు గౌరవం."

మహేశ్వర్ చెప్పాడని కాదు. మోకాళ్ల నొప్పులు ఆమెకు. బస్సుల్లో ఎంత తొక్కిడి ఉంటుందో అందరికీ తెలుసు. మొన్న ఎవరో ఒకామె ఫుట్‌బోర్డు మీదనుంచి జారిందని విన్నాను. ఏదన్నా జరిగితే రేపు ఎవరిని అంటారు? ఆలోచించే చేశాను. ఆమె స్నానానికి పోయినప్పుడు సంచి మంచం మీదే ఉంది. కార్డు తీసి కారు డాష్‌బోర్డు డబ్బాలో, ఇన్సూరెన్సు కాగితాల కింద పెట్టాను.

దాచలేదు. భద్రంగా పెట్టాను. వారం పది రోజులు. ఈ వడ్ల సీజన్ రద్దీ తగ్గేదాకా.

నవంబర్ 10, సోమవారం

పొద్దున రొట్టెలు డబ్బాలో పెట్టుకున్నాక చూసుకుంది. సంచి బోర్లించింది. కుంకుమ పొట్లం, చింతగింజలు, ఎప్పటిదో సాగర్ బస్సులో పైసా లేకుండా కొట్టిన జీరో టికెట్, ముడతలు పడ్డ చేతిరుమాలు. కార్డు లేదు.

"గీడనే పెడ్త గదా," అంది.

నేనూ వెతికాను. బీరువా వెనక, పరుపు కింద, దేవుడి గూట్లో. ఎంత శ్రద్ధగా వెతికానంటే నాకే ఒక క్షణం అది నిజంగా పోయిందనిపించింది. కార్డు చూపించకపోతే కండక్టరు టికెట్ కొడుతుంది. పైసలకు అత్తమ్మకేం కొదువ లేదు. అందుకే చెప్పాను, "పోతే పోనీయుండ్రి, టికెట్ కొనుక్కోండ్రి" అని. ఎందుకన్నానో. పోనివ్వడం ఇష్టం లేకనే కదా కార్డు తీసింది.

"ఇంటి పైసలతోని కొనుక్కొని పోతె మీ మామ కార్ల పోయినట్టే ఉంటది," అంది. "గా కార్డు మీద నా పేరున్నది. ‘అనసూర్యమ్మ’ అని పేరు సదివి మరీ ఇస్తది గా పిల్ల టికెట్టు."

ఆమె పేరు నేను చివరిసారి ఎప్పుడు పలికానో గుర్తు లేదు.

నవంబర్ 11, మంగళవారం

మీసేవలో కొత్త కార్డు తీయిద్దామన్నాడు మహేశ్వర్. ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది, నేను చూసుకుంటానన్నాను.

చూసుకోలేదు.

నవంబర్ 14, శుక్రవారం

ఇలా అవుతుందని నేను అనుకోలేదు. ఇది నిజంగా నిజం. అనుకోలేదు.

కాలేజీ నుంచి వచ్చేసరికి అత్తమ్మ స్టవ్ ముందు కుర్చీ వేసుకుని పాలగిన్నెను చూస్తూ కూర్చుంది. "పొంగిచ్చి మర్సిపోతనేమోనని," అంది. టీవీ పెట్టలేదు. పిల్లితో మాట్లాడలేదు. పాలు దించి ముందుగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెడితే చెప్పింది.

"మా అక్కకు సుత మొదలు గిట్లనే అయింది బిడ్డా. ముందుగాల తాళపుచెవులు. ఆనక పుస్తెలతాడు యాడ పెట్టిందో. ఎనకసిరి కొడుకొచ్చి అన్నం తినిపిస్తుంటే ‘ఎవల పిలగాడివి నాయినా, మీ అమ్మ దేవులాడదా’ అన్నది. నేను పక్కనే ఉన్న. నన్ను సుత ఎవలని అడిగింది."

"ఒక్క కార్డు పోతే అంత పరేషాన్ ఎందుకత్తమ్మా? అందరికీ పోతుంటాయి."

"పోవుడు కాదు. నేను పెట్టిన. పెట్టినట్టు నా కండ్ల ముందట ఉన్నది. కని లేదు. అంటె నా కండ్ల ముందట ఉన్నది ఉత్తదన్నట్టు గదా?"

చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. అప్పుడే కుక్కర్ కూతపెట్టింది, లేచి పోయాను. కుక్కర్ కూత పెట్టకపోయినా లేచి పోయేదాన్ని.

నవంబర్ 17, సోమవారం

మిర్యాలగూడలో మహేశ్వర్‌కు తెలిసిన నరాల డాక్టర్ ఉన్నాడు. మహేశ్వర్ మిల్లులో పని వదిలి రాలేనన్నాడు, నేనే తీసుకుపోయాను. మోకాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని అత్తమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాను. కార్డున్న డబ్బా ఆమె మోకాళ్లకు తగులుతూనే ఉంది. దారి పొడుగునా ఆమె మాట్లాడలేదు. ఈసారి నాకది మేలనిపించింది.

దవాఖానలో పేరు రాసుకునే అమ్మాయి ఆధార్ అడిగింది. "అదే పోయిందమ్మా," అని అత్తమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. నేను ఫోన్లో ఉన్న ఫొటో చూపించాను. సరిపోయింది.

డాక్టర్ చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. గడియారం బొమ్మ గీయమంటే గీసింది. ఇవాళ ఏ వారమంటే సోమవారమని, కార్తీకంలో ఆఖరి సోమవారమని కూడా చెప్పింది. ఇది ఏ ఊరు అని అడిగాడు.

"మిర్యాలగూడ. నల్లగొండ బస్సు గా మూల నిలవడ్తది, కోదాడది ఇవతల. సాగర్ బస్సుకైతె జర ముందుగాల వచ్చి..." నా వైపు చూసి ఆగిపోయింది.

మొదట్లో మూడు మాటలు చెప్పి గుర్తు పెట్టుకోమన్నాడు. గులాబీ, ఏనుగు, కుర్చీ. చివర్లో అడిగితే గులాబీ అంది, ఏనుగు అంది. మూడోది రాలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నన్నే చూస్తోంది, పరీక్షలో పక్కవాళ్ల పేపర్లోకి చూసే పిల్లల్లాగా. నాకు తెలుసు ఆ మాట. ఆమె కూర్చున్నది దానిమీదే.

"వయసుతో వచ్చే మరపు కావచ్చు, భయం వల్ల కూడా కావచ్చు. ఇప్పుడే ఏమీ చెప్పలేం. ఆరు నెలలాగి మళ్లీ చూద్దాం," అన్నాడు. "ఈ మధ్య ఇంట్లో ఏదైనా జరిగిందా అమ్మా? మనసుకు కష్టం కలిగించేది?"

నన్నే అడిగాడు. ఏమీ లేదన్నాను.

అంటే, మరపు నిజంగానే ఉందేమో. నేను కార్డు తీసినా తీయకపోయినా. కుర్చీ అనే మాట ఆమెకు నిజంగానే గుర్తు రాలేదు కదా. ఇది రాసుకుంటుంటే కొంచెం ఊరటగా ఉంది. ఊరట కలిగినందుకు రోతగా ఉంది.

నవంబర్ 20, గురువారం

సుక్కి వచ్చింది. గేటు బయటినుంచే అరుపు.

"ఓ పటేలమ్మా! ఉన్నవా, పోయినవా? పోతె చెప్పిపోవాలె గద, బస్టాండ్ల నిలవడి నిలవడి నా కాళ్లు గుంజవట్టె!"

ఇన్నాళ్లలో అత్తమ్మ మొహంలో నవ్వు చూసింది అప్పుడే. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. అత్తమ్మ కుర్చీలో, సుక్కి మెట్టుమీద. బస్సులో ఒకే సీటు, ఒకే డబ్బా. ఇక్కడికి వచ్చేసరికి ఆమె మెట్టుమీదే కూర్చుంది. లోపలికి రమ్మని నేనూ అనలేదు, చాయ్ మాత్రం తెచ్చి ఇచ్చాను.

"కార్డు పోయిందే సుక్కీ," అంది అత్తమ్మ. "నా బుర్ర ఖరాబయితాంది. ఇగ నేను రాను. ఏదో ఊర్ల నిన్ను ఇడిసిపెట్టి దిగిపోతనేమో."

"నీ బుర్రకేమయింది, గుండు రాయి లెక్కున్నది. మొన్న దేవరకొండ బస్సుల నా కిటికి సీటు గుంజుకున్నది ఎవలు?"

"గుంజుకునుడేంది! నువ్వు గుర్రువెడుతుంటివి, తలకాయ బయటికి పోతదని నేనే ఇవతలికి జరిపిన. నల్లగొండ దాటినంక."

"అగో, సూసినవా, అన్ని గుర్తున్నయి." సుక్కి చాయ్ ఊదుకుంది. "నా కార్డు సుత రెండుమార్లు పోయింది. మా కోడలు దాసింది. ఓమారు బియ్యం డబ్బల, ఓమారు బర్లకొట్టంల. ముసల్ది ఊర్లు తిరుగుతాంది, పిల్లలను పట్టుకుంటలేదని. నేను ఊకుంటనా? నీ సెల్లు తీసి నీళ్ల గోలెంల ఏస్త అన్న. గప్పుడే కార్డు దొరికె."

అత్తమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే అంది, "మీ కోడలు దాస్తది. మా సుకన్య సదువుకున్న పిల్ల. పది మందికి సదువు చెప్తది. గట్ల చెయ్యది."

సుక్కి నా వైపు చూడలేదు. గ్లాసు కడిగి మెట్టుమీద బోర్లించి పోయింది. గేటు దాటేదాకా ఒక్కసారి కూడా చూడలేదు.

పోయిన ఏడాది సెమినార్‌లో నేను పేపర్ చదివాను, ఉచిత ప్రయాణం గురించి, ఆడవాళ్ల కదలిక గురించి. బాగా రాశానని అందరూ అన్నారు. ఆ పేపర్ రాసేటప్పుడు నేను ఒక్క బస్సు కూడా ఎక్కలేదు. ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

నవంబర్ 21, శుక్రవారం

పెట్టేశాను. ఆమె గుడ్డసంచి లోపలి జేబులో, ఎక్కడనుంచి తీశానో అక్కడే. రేపు పొద్దున చూసుకుంటుంది. అయిపోతుంది.

నవంబర్ 22, శనివారం

అయిపోలేదు.

చూడగానే అరుస్తుందనుకున్నాను. సుక్కికి ఫోన్ చేయమంటుందనుకున్నాను. కార్డు అరచేతిలో పెట్టుకుని, వేడివేడి వస్తువేదో పట్టుకున్నట్టు, మెల్లగా వంటింట్లోకి వచ్చింది.

"బిడ్డా, దీన్ని నువ్వు గిట్ల దొరికిచ్చి సంచిల పెట్టినవా?"

అంత సులువైన దారి నాకెవరూ ఇంతవరకు ఇవ్వలేదు. అవునంటే చాలు, బీరువా కింద దొరికిందంటే చాలు. పూర్తి నిజం కూడా అక్కర్లేదు. కానీ అవునంటే, ఎక్కడ దొరికిందంటుంది, ఎప్పుడు దొరికిందంటుంది, మరి నిన్ననే ఎందుకు చెప్పలేదంటుంది. ఇదంతా ఒక్క రెప్పపాటులో నా తలలో తిరిగింది.

"లేదత్తమ్మా," అన్నాను.

తలూపింది. "అయితె సంచిలనే ఉన్నదన్నట్టు. పదిమార్లు తీసి దులిపిన. ఉన్నది ఉన్నట్టే ఉన్నది. నాకే కనవడలే."

వంటింటి గడపమీద కూర్చుండిపోయింది. పోవడం కంటే దొరకడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. నేను చేసిన పనే. రెండుసార్లూ నేను చేసిన పనే.

సాయంత్రం బీరువా తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ దగ్గర ఉండనీ. నేను యాడ పెట్టిన్నో మర్సిపోకముందే ఇస్తున్న." ఏ పెట్టెలో ఏముందో, ఏ నగ ఎవరు పెట్టిందో, ఎవరికి ఇవ్వాలో అంతా వరసగా చెప్పింది. ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నేను వింటూ నిలబడ్డాను.

నవంబర్ 25, మంగళవారం

కార్డు దేవుడి గూట్లో ఉంది. ఆమె పోవడం లేదు. "మంచిగయింది, ఇంటిపట్టున ఉంటది," అన్నాడు మహేశ్వర్. తర్వాత, "గని అమ్మ ఏంది గింత సప్పుడు లేకుంటయింది?" అన్నాడు.

ఇల్లంతా నా కారులాగా ఉంది.

నవంబర్ 30, ఆదివారం

నేనూ వస్తాను, ముగ్గురం పోదాం అన్నాను. నాలుగు రోజులు అడిగితే ఒప్పుకుంది. "నువ్వుంటె పోత. ఒక్కదాన్నయితె పోను."

సుక్కి బస్టాండులో నన్ను చూసి, "అగో, లెక్చరర్ మేడం సుత వచ్చింది. కారు కరాబయిందా?" అంది. నవ్వాను. కోదాడ బస్సులో కిటికీ పక్కన అత్తమ్మను కూర్చోబెట్టి సుక్కి మధ్యలో ఇరుక్కుంది. ఆ సీటు కోసం కొట్లాడలేదు. అది చూసి అత్తమ్మ మొహం ఇంకా చిన్నబోయింది.

కండక్టరు కార్డు అడిగింది. అత్తమ్మ పిడికిలి విప్పి చూపించింది. ఇంటి దగ్గర్నుంచి పిడికిట్లోనే పట్టుకుని ఉంది. చెమటకు తడిసిపోయింది. "అనసూర్యమ్మా, ఎక్కడికమ్మా?" అంది ఆ పిల్ల. అత్తమ్మ నన్ను చూసింది. కోదాడ అని నేనే చెప్పాను.

టికెట్ ఇచ్చి ఆమె ముందుకు పోగానే, "ఉన్నదా బిడ్డా?" అంది అత్తమ్మ.

"నీ చేతిలనే ఉన్నది పటేలమ్మా," అంది సుక్కి.

మునగాల దాటాక మళ్లీ, "ఉన్నదా?"

కోదాడలో ఆ ప్లాట్‌ఫాం చివరే, నేలమీదే కూర్చున్నాం. నేను కావాలని అక్కడ పేపరు పరిచాను. విజయలక్ష్మి మేడం ఆ దారిన రావాలని, నన్ను చూడాలని కోరుకున్నాను. రాలేదు. ఎవరూ నన్ను చూడలేదు. పక్కన జగ్గయ్యపేట ఆమె ఒకతి సంచులు పెట్టుకుని కూర్చుంది.

"మీకు ఫ్రీ ఎక్కడిదాకండీ?" అని అడిగింది.

"గీడిదాకనే. గీడికెల్లి అవతల మీ దేశం," అంది సుక్కి.

"మాక్కూడా వచ్చిందిగా ఫ్రీ. కానీ మా కార్డు ఇక్కడ చెల్లదంట. బోర్డరు దాటగానే టికెట్ కొట్టేశాడు."

"అయితె నీ కార్డు నాకియ్యి, నా కార్డు నువ్వు తీస్కో. నేను బెజవాడ సూసొస్త, నువ్వు మా తండాకు పోయి బర్లకు గడ్డెయ్యి."

ఆమె విరగబడి నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆ జగ్గయ్యపేట ఆమెతో మెల్లగా మాటలు మొదలుపెట్టింది. ఎవరి బిడ్డవు, ఎందరు పిల్లలు, చింతకాయ తొక్కులో మీ దిక్కు మెంతులు వేస్తారా. కళ్ల ముందే ఆమెలో ఏదో తిరిగి రాజుకుంటున్నట్టు ఉంది.

కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సు, ఈసారి మధ్యలో నేను. హుజూర్‌నగర్ దాటాక రోడ్డు పక్క పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. గరిడేపల్లిలో ఇంకొందరు ఎక్కారు. సుక్కి నిద్రపోయింది. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను. ముందు ఆ పాత ప్రశ్నతో మొదలుపెట్టి, తర్వాత అసలు మాటకు రావాలనుకున్నాను.

"అత్తమ్మా, బస్సులో ఇంత మాట్లాడతారు. నా కార్లో ఎందుకు మాట్లాడరు?"

నిజంగా ఆశ్చర్యపోయింది. "నువ్వే అన్నవ్ గదా?"

"నేనా?"

"కారు కొత్తగ నేర్సుకున్నప్పుడు. నార్కట్‌పల్లి కాడ, పెట్రోల్ బంకు దాటినంక. నేనేదో ముచ్చట చెప్తున్న, మన కాలువ పూడిక ముచ్చట. ఎదురుంగ లారీ వచ్చింది. ‘అత్తమ్మా, నేను నడిపేటప్పుడు మాట్లాడకుండ్రి’ అన్నవ్. నువ్వు పచ్చచీర కట్టుకున్నవ్ ఆనాడు. నీ చేతులు వణుకుతున్నయి. గప్పటికెల్లి మాట్లాడలే. నీకు తిప్పలెందుకని."

నాకు గుర్తు లేదు. పచ్చచీర గుర్తుంది, లారీ గుర్తుంది. ఆ మాట అన్నట్టు లేదు. కానీ అనే ఉంటాను. అది నేను అనే మాటే.

ఇన్నేళ్లు నేను మోసిన ప్రశ్నకు జవాబు నేనే. అది కూడా నేను మరిచిపోయాను, ఆమె మరవలేదు. ఈ ముక్క ఆమెతో అనేయాలి. ‘చూశారా, మీ బుర్రకేమీ కాలేదు, నాకంటే మీకే అన్నీ గుర్తున్నాయి’ అనాలి. అంటే, ‘మరి కార్డు?’ అంటుంది. అనేసరికి నేను సిద్ధంగా ఉండాలి.

"అత్తమ్మా, ఆ కార్డు..."

"ఆఁ, మంచిగ గుర్తు చేసినవ్." పిడికిలి విప్పి, కార్డును కొంగుతో తుడిచి నా ఒళ్లో పెట్టింది. "నువ్వే పెట్టుకో బిడ్డా. నీ దగ్గరుంటె భద్రంగ ఉంటది."

ఆ మాట. నేను ఈ డైరీలో రాసుకున్న ఆ మాటే. ఆమె మొహంలోకి చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తోంది. సుక్కి కళ్లు తెరిచి ఉన్నాయి. ఎప్పటినుంచి తెరిచి ఉన్నాయో తెలియదు.

కార్డు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. నేరేడుచర్ల వచ్చింది. మిర్యాలగూడ వచ్చింది. అక్కడ సూర్యాపేట బస్సెక్కి ఇల్లు చేరాం. దారంతా వాళ్లిద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను మాట్లాడలేదు.

డిసెంబర్ 1, సోమవారం

పార్కింగు. రెండో పీరియడ్ మొదలై చాలాసేపయింది, పోలేదు.

ఆమె తెలిసి ఇచ్చిందా, నమ్మి ఇచ్చిందా? తెలిసి ఉంటే, నేను చెప్పేదాకా ఆగుతోంది. నమ్మి ఉంటే, తన బుర్రను తాను నమ్మడం మానేసి నన్ను నమ్ముతోంది. చెబితే ఆమె బుర్ర ఆమెకు తిరిగొస్తుంది, అది తెలుసు. నరాల డాక్టర్ చెప్పిన ఆరు నెలల మాట పట్టుకుని నేను ఎంతసేపు వేలాడినా, అది తెలుసు. అయినా నోరు పెగలదు. ‘గట్ల చెయ్యది’ అని ఆమె అన్న కోడలు ఒకతి ఉంది. ఆ కోడలు నేను కాదు గానీ, ఆ కోడలిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. దీన్ని ఏమనాలో అనడానికి కూడా సిగ్గుగా ఉంది.

పొద్దున నేను కారు తీస్తుంటే అత్తమ్మ గేటు దాకా వచ్చింది. "గురువారం మల్ల బస్సెక్కుదామంటాంది సుక్కి. నీకు సెలవు దొరుకుతదా?"

చూస్తానన్నాను.

"నువ్వు రాకుంటె పోం," అంది. "కార్డు నీ దగ్గరనే ఉన్నది గదా."

గురువారం నాకు మూడు క్లాసులున్నాయి. పొద్దున బయలుదేరేముందు కార్డు ఆమె చేతికి ఇచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాలా, సెలవు పెట్టి వెంట పోవాలా? ఇంకా తేల్చుకోలేదు. ఇప్పటికైతే కార్డు నా బ్యాగులో ఉంది. అత్తమ్మ ఇంట్లో ఉంది.